కోప్టోస్ నుంచి బెరెనికె దాకా: తప్పిపోయిన దారికి చైనేజీ

అక్టోబరు 5

రోడ్ల సర్వే పనిలో పదిహేడేళ్ల నుంచి ఉన్నాను. సున్నా దగ్గర మేకు కొట్టి, అక్కణ్నుంచి ఎంత దూరంలో కల్వర్టు, ఎంత దూరంలో మలుపు, ఎంత దూరంలో ఊరు అని రాసుకుంటూ పోవడం మా పని. దాన్నే చైనేజీ అంటాం. అందుకే రోమన్ల కాలంనాటి ‘ఆంటొనైన్ ఇటినరరీ’లో ఒక పేజీ మొదటిసారి చూసినప్పుడు ఎప్పటినుంచో తెలిసిన కాగితంలా అనిపించింది. ఎడమవైపు ఊరి పేరు, కుడివైపు అంకె. మా సైటు ఆఫీసు గోడకు అంటించి ఉండే పట్టిక అచ్చం ఇలాగే ఉంటుంది.

రోమన్ సామ్రాజ్యం పొడవునా రెండు వందలకు పైగా దారులు అందులో ఇలాగే రాసి ఉన్నాయి. పటం లేదు, దిక్కులు లేవు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటికి ఇన్ని మైళ్లు, అంతే. ఆ పేర్లలో చాలావాటికి ఈరోజుకీ నేల మీద చోటు దొరకలేదు. 2000లో వచ్చిన బారింగ్టన్ అట్లాసుకు (ప్రాచీన గ్రీకు, రోమన్ ప్రపంచపు పటాల పుస్తకం) తోడుగా వేసిన డైరెక్టరీలో ‘స్థానం తేలనివి’ అంటూ పేర్లు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు మనుషులు నీళ్లు తాగి నిద్రపోయిన ఊళ్లు అవి. ఆ జాబితా చదువుతుంటే మనసు ఊరుకోలేదు.

నేను పట్టుకున్న దారి ఈజిప్టులోది. నైలు ఒడ్డున కోప్టోస్ (ఇప్పటి ఖిఫ్త్) నుంచి ఎడారిలో పడి ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికె రేవుకు పోతుంది. మన తీరం నుంచి వెళ్లిన మిరియాలు, పూసలు, బట్టలు ఓడ దిగి ఒంటె ఎక్కింది అక్కడే. ఇటినరరీలో ఇచ్చిన మైళ్లు, వాటిని నేను కూడుకుంటూ పోయిన మొత్తం ఇవి:

కోప్టోస్ – 0
ఫొయినికోన్ – 24 – 24
దిదిమె – 24 – 48
అఫ్రొదితో – 20 – 68
కొంపసి – 22 – 90
ఇయోవిస్ – 23 – 113
అరిస్టోనిస్ – 25 – 138
ఫలక్రో – 25 – 163
అపొల్లోనోస్ – 23 – 186
కబల్సి – 27 – 213
కేనోన్ హైద్రుమ – 27 – 240
బెరెనికె – 18 – 258

పట్టిక తలకట్టులో మొత్తం 258 మైళ్లు అని ఉంది. కింద మజిలీలన్నీ కూడితే సరిగ్గా 258. చేతిరాతలో తరాలపాటు నకళ్లు దిగిన పట్టికలో పై లెక్క, కింది లెక్క కలిశాయంటే ఆ రాతగాళ్లకు దండం పెట్టాలి. రోమన్ అంకెల్లో ఒక్క నిలువు గీత జారిపోతే ఒక మైలు పోతుంది.

చేయాలనుకున్నది ఇది: ఈ దారి మొత్తాన్ని ఒక పొడవాటి గాడా గుడ్డ మీద గీయాలి. వియన్నాలో ఉన్న ‘ప్యూటింగర్ పటం’ చూశాక వచ్చిన ఆలోచన. రోమన్ల దారుల పటానికి 13వ శతాబ్దంలో తీసిన నకలు అది. పొడవు 6.75 మీటర్లు, వెడల్పు 34 సెంటీమీటర్లు. చుట్టచుట్టి చంకలో పెట్టుకునే పటం. నా గుడ్డకు స్కేలు 1 సెంటీమీటరుకు 2 కిలోమీటర్లు. గుర్తులు మూడు. చోటు ఖాయంగా తేలితే నిండు చుక్క. బలమైన ఊహ అయితే ఖాళీ సున్నా. చోటు తేలకపోతే పెన్సిలుతో పేరు మాత్రమే.

అక్టోబరు 12

మొదటి గీత తప్పు వచ్చింది. మైలు అనగానే చెయ్యి అలవాటుగా 1.609 వేసేసింది. 258 మైళ్లకు 415 కిలోమీటర్లు తేలింది. గుడ్డ మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే బెరెనికె రేవు దాటి మరో 16 సెంటీమీటర్లు సముద్రంలోకి వెళ్లింది దారి.

రోమన్ మైలు వేరు. రెండు కాళ్లూ ఒక్కోసారి వేస్తే ఒక ‘పాసస్’. అలాంటివి వెయ్యి అయితే మైలు. ఇప్పటి లెక్కలో సుమారు 1.48 కిలోమీటర్లు. దాంతో మళ్లీ వేస్తే 382 కిలోమీటర్లు, గుడ్డ మీద 191 సెంటీమీటర్లు. క్యూజీఐఎస్‌లో (కంప్యూటరు మీద పటాలు గీసే సాఫ్ట్‌వేర్) ఖిఫ్త్ నుంచి బెరెనికె దాకా సూటిగా గీత గీస్తే దాదాపు 355 కిలోమీటర్లు వస్తోంది. కొండల మధ్య ఎండిన వాగుల్లో నడిచే దారికి ఆ పై 27 కిలోమీటర్ల వంపులు న్యాయంగానే ఉన్నాయి. గుడ్డ ఉతికి ఆరేశాను. పెన్సిలు గీతలు పూర్తిగా పోలేదు, ఉండనీ.

అక్టోబరు 19

ఈ వారం కొలతలు పక్కనపెట్టి పేర్లతో కూర్చున్నాను. గ్రీకు అర్థాలు ఒక్కొక్కటే రాసుకుంటుంటే అవి మన ఊళ్ల పేర్లలాగే ఉన్నాయి. ఫొయినికోన్ అంటే ఖర్జూరపు తోపు. ఫలక్రో అంటే బోడి, మనమైతే బోడికొండ అనేవాళ్లం. కేనోన్ హైద్రుమ అంటే కొత్తబావి. దిదిమె అంటే కవలలు. ఇయోవిస్ అన్నది లాటిన్‌లో ‘జూపిటర్‌ది’ అని. అదే చోటిని గ్రీకు రాసేవాళ్లు ‘దియోస్’ అన్నారు, అంటే ‘జ్యూస్‌ది’. ఒకే మజిలీకి రెండు భాషల్లో రెండు పేర్లు. ఇది తెలియకపోతే దియోస్ అని ఎక్కడైనా కనపడగానే పటంలో లేని కొత్త ఊరు అనుకుని వెతుక్కుంటాం.

పదకొండు పేర్లలో నేరుగా నీళ్ల మాట ఉన్నది ఒక్కదాంట్లోనే. కానీ పదకొండూ నీళ్ల చోట్లే. ఈ దారికి చైనేజీ వేసింది నీళ్లు. మాకైతే ప్రతి 200 మీటర్లకు ఒక రాయి. వీళ్లకు ప్రతి 18 నుంచి 27 మైళ్లకు ఒక బావి. ఎక్కడ నీళ్లు పడితే అక్కడే మజిలీ, అంకె ఆ తర్వాత వచ్చింది. వెతికేటప్పుడు నేను కూడా అలాగే వెతకాలి. కంపాసుతో వృత్తాలు గీసి అంచు మీద వెతకడం మానేస్తున్నాను. ముందు వాగు, తర్వాత బావి, చివర అంకె.

నవంబరు 2

ఖాయమైన చోట్లు ముందు దించుతున్నాను. ఫొయినికోన్ అంటే ఇప్పటి లఖీతా. అక్కడ చీలే దారుల్లో ఒకటి బెరెనికెకు, ఒకటి ఉత్తరంగా ఉన్న మరో రేవుకు. లెక్క ప్రకారం 35.5 కిలోమీటర్ల దగ్గర పడాలి, అక్కడే పడింది. నిండు చుక్క.

రెండో మజిలీ దిదిమె. ఇప్పటి పేరు ఖష్మ్ అల్ మినాయ్. అక్కడి కోటను ఫ్రెంచి బృందం 1998 నుంచి 2000 దాకా తవ్వింది. ఈ ఎడారి కోటలన్నీ దాదాపు ఒకే నమూనా. చదరంగా రాతి గోడలు, మూలల్లో గుండ్రటి బురుజులు, నడుమ పెద్ద బావి, పక్కన నీళ్ల తొట్లు, గోడలకు ఆనించి లోపలివైపు గదులు. గుమ్మం బయట చెత్తకుప్ప. ఆ చెత్తకుప్పే తవ్వేవాళ్లకు నిధి, దాని సంగతి తర్వాత రాస్తాను.

దిదిమె దగ్గర దొరికిన లాటిన్ శాసనం చదివి ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈజిప్టు పాలకుడు లూసియస్ యూలియస్ ఉర్సుస్ బెరెనికె నుంచి తిరిగి వస్తూ, ఈ చోట నీళ్లు వెతకమని ఆజ్ఞాపించాడు. నీళ్లు పడ్డాక కోట, తొట్లు కట్టమన్నాడు. వెస్పాసియన్ చక్రవర్తి తొమ్మిదో ఏడు, అంటే క్రీ.శ. 76–77. అంటే ఆ పాలకుడు దారంతా తానే ప్రయాణం చేసి, ఎక్కడెక్కడ నీళ్లు చాలడం లేదో చూసుకున్నాడు. అలాంటి శాసనమే దారికి ఆ చివర, బెరెనికెకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని సికెత్ కోట దగ్గరా దొరికింది. అదే ఏడాది, అదే పాలకుడు. ఒక దారి మొత్తాన్ని ఒకేసారి రిపేరు చేయించిన ఫైలు చదువుతున్నట్టు ఉంది నాకు.

శాటిలైట్ బొమ్మలో కోటను పట్టుకోవడం ఎలాగో ఇక్కడే నేర్చుకున్నాను. ఇసుక రంగులో ఇసుక రంగు గోడ కనపడదు. గోడ నీడ కనపడుతుంది. పొద్దున తీసిన బొమ్మలో పడమటి వైపు సన్నటి నల్లగీత, దానికి అడ్డంగా ఇంకో గీత, నడుమ గిన్నెలా ఒక గుంట. ఆ గుంటే పూడిపోయిన బావి. మధ్యాహ్నం బొమ్మ తీసుకుంటే ఏమీ కనపడదు. రెండు ఆదివారాలు నేను మధ్యాహ్నం బొమ్మలే పెట్టుకుని కూర్చున్నాను.

నవంబరు 16

ఈ నెలలోనే ‘ఇటినెర్-ఇ’ పేరుతో రోమన్ దారుల డిజిటల్ పటం ఒకటి బయటికొచ్చింది. సామ్రాజ్యం మొత్తం మీద దాదాపు 3 లక్షల కిలోమీటర్ల దారులు గీశారు. వాటిలో నేల మీద చోటు నిక్కచ్చిగా తెలిసినవి 3 శాతం లోపే. మిగతావి ఉజ్జాయింపు, కొన్ని ఊహ. ఆ సంగతి వాళ్లే గీత గీతకూ విడివిడిగా రాసి పెట్టారు. అలా రాయడానికి ధైర్యం కావాలి. నా మూడు గుర్తుల పద్ధతి మంచిదేనన్న నమ్మకం కుదిరింది.

కొంపసి, అఫ్రొదితో దించాను. పెద్దగా రాసేదేం లేదు.

నవంబరు 30

ఈరోజంతా రోమన్ రచయిత ప్లినీతో గడిచింది. అతను తన ‘ప్రకృతి చరిత్ర’లో ఇదే దారిని వర్ణించాడు. కోప్టోస్ నుంచి ఒంటెల మీద వెళ్తారు, ఎండ వల్ల ప్రయాణం ఎక్కువగా రాత్రిపూటే, పగలు మజిలీలో పడుకుంటారు, మొత్తం పన్నెండు రోజులు పడుతుంది, దూరం 257 మైళ్లు అన్నాడు. ఇటినరరీ 258 అంది. ఇద్దరి మధ్యా రెండు వందల ఏళ్లున్నా తేడా ఒక్క మైలు.

నడుమ బావులకు కూడా అతను కోప్టోస్ నుంచి దూరాలు ఇచ్చాడు. పక్కపక్కన పెట్టాను. అపొల్లో బావి ప్లినీలో 184, ఇటినరరీలో 186. దీన్ని వాడీ గెమాల్‌లో (వాడీ అంటే ఎండిన వాగు) గుర్తించారు. సామ్రాజ్యానికి పచ్చలు వెళ్లిన సికైత్ గనులు ఆ చుట్టుపక్కలే. దారి నడుమ ఇంత గట్టిగా కలిసిన చోటు ఇంకోటి లేదు. దీన్ని నా బెంచ్ మార్కుగా, అంటే మిగతా కొలతలకు ఆధారంగా పెట్టుకున్నాను.

చిక్కంతా ఆ తర్వాతే. కొత్తబావి నేను చూసిన ప్లినీ పాఠంలో 230 మైళ్ల దగ్గర ఉంది. ఇటినరరీలో 240. బెరెనికె వైపు నుంచి వెనక్కి లెక్కేస్తే ప్లినీ ప్రకారం 27 మైళ్లు, ఇటినరరీ ప్రకారం 18. మొత్తం దూరాల్లో తేడా లేదు. అపొల్లో బావి దగ్గర తేడా లేదు. ఈ ఒక్క బావి మాత్రం తొమ్మిది పది మైళ్లు జరిగింది.

నాకు పని నేర్పిన మేస్త్రిగారు ఒక మాట అనేవారు: “రెండు కొసలూ కలిసి మధ్య మేకు కలవకపోతే టేపును అనుమానించకు బాబూ. మేకును చూడు.” మేకు అంటే ఇక్కడ పేరు. కొత్తబావి అని ఇద్దరూ రాసింది ఒకే బావిని కాకపోవచ్చు.

ప్లినీ ఇంకో ఆనవాలు ఇచ్చాడు. కొత్తబావికి ఏడు మైళ్ల దూరంలో పాతబావి ఒకటి ఉందట, దానికి ‘ట్రోగోదితికుం’ అని పేరట, అక్కడ కాపలా దళం ఉంటుందట, రెండు వేల మందికి బస దొరుకుతుందట. బెరెనికెకు వాయవ్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో అబూ గ్రెయ్యా అనే వాగులో ఏకంగా ఐదు కోటల శిథిలాలున్నాయి. పాతబావి అదేనని ఎక్కువమంది మాట. ఇటినరరీ లెక్కలో కొత్తబావికి, బెరెనికెకు మధ్య 18 మైళ్లు, అంటే 26.6 కిలోమీటర్లు. అది ఇంచుమించు ఇదే వాగులో పడుతోంది!

అంటే ప్లినీ పాతబావి అన్న చోటే ఇటినరరీ కొత్తబావి అంటోందా? నాకైతే అలాగే తోస్తోంది. ప్లినీ ఆ పుస్తకాన్ని క్రీ.శ. 77లో అంకితం చేశాడు. ఉర్సుస్ బావులు తవ్వించింది అదే సమయంలో. కాబట్టి ప్లినీ చెప్పింది ఉర్సుస్‌కు ముందున్న దారి, ఇటినరరీ చెప్పింది తర్వాతి దారి. నడుమ ఎన్ని బావులు ఎండిపోయాయో, ఎన్ని కొత్తగా తవ్వారో. మా జిల్లాలో కొత్తపేటలన్నీ ఎప్పుడో పాతబడిపోయినవే, పేరు మాత్రం కొత్తపేట. ఇది నా ఊహ. గుడ్డ మీద పెన్సిలుతోనే రాస్తాను.

డిసెంబరు 14

చెత్తకుప్పల సంగతి రాస్తానన్నాను కదా.

ఆ కోటల్లో కాగితం లేదు, పపైరస్ ఖరీదు. కాబట్టి పగిలిన కుండ పెంకులే ఉత్తరాలు. వాటిని ఓస్ట్రకాలు అంటారు. కూరగాయలు పంపమని, రొట్టెలు అందాయని, గాడిద ఫలానావాడితో వస్తోందని ఒక కోట నుంచి ఇంకో కోటకు రాసుకున్నవి వేలల్లో దొరికాయి. చదివి పారేస్తే చెత్తకుప్పలో పడ్డాయి. తప్పిపోయిన ఊళ్ల పేర్లు బయటపడుతున్నది వీటిలోనే. పటాలు చేయలేని పని పెంకులు చేస్తున్నాయి.

నేను కూడా ఒకటి రాసి చూడాలనుకున్నాను. మా ఊరి కుమ్మరి తాత దగ్గరికి వెళ్లి పగిలిన పెంకులు కావాలన్నాను. “కుండలు కొనేవాళ్లే లేరు బాబూ, నువ్వు పెంకులకొచ్చావా?” అని ఒక గోతాం నిండా ఇచ్చి డబ్బులు వద్దన్నాడు. సిరా ఇంట్లోనే చేశాను. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టాను. తుమ్మ బంక రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున ఆ మసిలో కలిపి నూరాను. వాళ్ల సిరా కూడా మసి, బంకే. రెల్లు కాడ ఏటవాలుగా కోసి కొస చీల్చితే కలం.

పెంకు లోపలివైపు చక్రం మీద పడిన గీతలుంటాయి, కలం వాటిలో తట్టుకుంటుంది. బయటివైపు నున్నగా ఉంది, కానీ వంపు. చెయ్యి ఆనించడానికి చోటు లేదు. పెంకును ఎడమ అరచేతిలో పట్టుకుని, వరస మారినప్పుడల్లా కొంచెం తిప్పుకుంటూ రాయాల్సి వచ్చింది. అరచేయంత పెంకు మీద ఎనిమిది వరసలు పట్టాయి. చివరి వరస అంచు దగ్గర ఇరుకై కిందికి వంగిపోయింది. ఫొటోల్లో చూసిన అసలు ఓస్ట్రకాల్లోనూ కొన్నిట్లో చివరి వరస అలాగే వంగి ఉంటుంది, ఇప్పటిదాకా ఎందుకో అర్థం కాలేదు.

ఆరాక మా అమ్మాయి ఒక పెంకును పంపు కింద పెట్టింది. నిమిషంలో అక్షరాలన్నీ కరిగి బూడిదరంగు నీళ్లుగా కారిపోయాయి. “నాన్నా, మరి రెండు వేల ఏళ్లు ఎలా ఉన్నాయి?” అంది. వాన లేకపోబట్టే. మన దగ్గర ఇలాంటి చెత్తకుప్ప ఉండి ఉంటే మొదటి తొలకరికే మొత్తం పోయేది.

ఇంతకీ ఈ పెంకుల వల్ల నా పట్టికకు వచ్చిన చిక్కు అరిస్టోనిస్. ఇయోవిస్‌కు, ఫలక్రోకు మధ్య వాడీ జిర్ఫ్‌లో ఒక కోట ఉంది. దూరం సరిపోతోందని పాత జాబితాలు దాన్నే అరిస్టోనిస్ అన్నాయి. 2010 నుంచి 2013 మధ్య అక్కడ తవ్వకాలు జరిగాయి. అక్కడి పెంకుల మీద ఆ కోట పేరు క్సేరోన్ పెలాగోస్. ఎండిన సముద్రం అని అర్థం. ఆ పేరు ఇటినరరీలో లేనే లేదు.

మరి అరిస్టోనిస్ ఎటుపోయింది? కోట పేరు కాలంతోపాటు మారి ఉండాలి, లేదా అరిస్టోనిస్ వేరే చోట ఉండాలి. చైనేజీ ఒక్కదాన్నే నమ్మితే మనిషి ఎంత ధీమాగా తప్పు చేస్తాడో ఈ కోట చూపించింది. అంకె చోటును చెప్పగలదు. ఆ చోటును అక్కడ బతికినవాళ్లు ఏమని పిలిచారో అంకెకు తెలియదు. గుడ్డ మీద 204 కిలోమీటర్ల దగ్గర నిండు చుక్క పెట్టి క్సేరోన్ అని సిరాతో రాశాను. దాని పైన అరిస్టోనిస్ పేరు పెన్సిలుతో, చుక్క లేకుండా.

డిసెంబరు 28

లఖీతా దగ్గర చీలిన రెండో దారి మీద వారం రోజులు పోయాయి. గుడ్డ మీదకు రాదు, కానీ దాని కథ తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

ఆ దారి చివర మియోస్ హోర్మోస్ అనే రేవు. గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో కాలంలో అక్కణ్నుంచి ఏడాదికి 120 ఓడల దాకా భారతదేశానికి వచ్చేవి. అంత పెద్ద రేవు, ఎక్కడుందో 1990ల దాకా తేలలేదు. చాలా పటాలు ఉత్తరాన అబూ షార్ దగ్గర పెట్టాయి. 1987 నుంచి 1993 దాకా అక్కడ తవ్వితే క్రీ.శ. 309–311 నాటి కోట బయటపడింది. స్ట్రాబో కాలంనాటి రేవు జాడ లేదు. మరోవైపు దక్షిణాన కుసేర్ అల్ ఖదీమ్ అనే చోటును అందరూ లెవ్కోస్ లిమెన్ అనే వేరే రేవుగా అనుకుంటున్నారు. అప్పుడు ఆ దారి మీది ఎడారి కోటల పెంకులు చదివారు. కుసేర్‌కు పోయే ఆ దారినే వాళ్లు మియోస్ హోర్మోస్ దారి అని రాసుకున్నారు. తర్వాత 1999 నుంచి 2003 దాకా సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు కుసేర్‌లోనే తవ్వి రేవు కట్టడాలు బయటపెట్టారు.

అలా ఒక రేవు దొరికింది. దొరికిన ఆ క్షణానే ఇంకో రేవు పోయింది. కుసేర్ మియోస్ హోర్మోస్ అయితే మరి లెవ్కోస్ లిమెన్ ఎక్కడ? ఆ పేరు ప్రాచీన భూగోళ రచయిత టోలమీ పుస్తకంలో ఉంది, కాళ్ల కింద నేల మాత్రం పోయింది. సముద్రానికి అవతల అరేబియా ఒడ్డున లెవ్కే కోమె అనే రేవు ఉండేది, ఆ పేరే పొరపాటున ఇటు ఒడ్డుకు వచ్చిందని ఒక వాదన. ఆ లెవ్కే కోమె చోటు కూడా ఇంకా తేలనిదే.

కుసేర్‌లో దొరికిన ఒక పెంకు దగ్గర ఆగిపోయాను. ప్రాకృతంలో రాసిన సామాన్ల జాబితా. హాలక, విణ్హుదత, నాకద అని ముగ్గురి పేర్లు. నూనె, మాంసం, ద్రాక్షసారా. మన శాతవాహనుల శాసనాల భాషా ప్రాకృతమే, హాలుడు అన్న పేరు మనకు కొత్తా కాదు. ఈ ముగ్గురూ ఏ ఊరివాళ్లో ఆ పెంకు చెప్పదు. అయినా ఆ పేర్లు పైకి చదువుకుంటే ఎవరో తెలిసినవాళ్లను పిలిచినట్టుంది.

జనవరి 4

దారి ఆ చివర, బెరెనికె.

ఇది కూడా ఒకప్పుడు తప్పిపోయినదే. 1818లో బెల్జోని అనే ఇటలీ మనిషి దీన్ని కనిపెట్టాడు. గుడి ఇసుకలో కూరుకుపోయి ఉంది, పార తెచ్చుకోలేదు, నీళ్లు అయిపోవచ్చాయి. వెంట ఉన్న కుర్రాడితో పెద్ద ఆల్చిప్పతో ఇసుక తీయించాడు. అంత తొందరలోనూ గోడ మీది బొమ్మలు కొన్ని చూసి, అది ఈజిప్టు పద్ధతి గుడేనని నిర్ధారించుకుని వెనుదిరిగాడు. ఆ ఆల్చిప్పను తలుచుకున్నప్పుడల్లా మా టోటల్ స్టేషన్లు (దూరాలు, కోణాలు కొలిచే సర్వే యంత్రాలు), డ్రోన్లు గుర్తొస్తాయి.

1994 నుంచి అక్కడ సరైన తవ్వకాలు నడుస్తున్నాయి. గుడి ఆవరణలో భారతదేశంలో తయారైన పెద్ద జాడీ ఒకటి దొరికింది. లోపల 7.55 కిలోల నల్ల మిరియాలు. మొదటి శతాబ్దంలో ఎవరో నేలలో దించి మళ్లీ తీసుకోలేదు. 2022లో పాలరాతి బుద్ధుడి విగ్రహం దొరికింది, ఎత్తు 71 సెంటీమీటర్లు. దానితోపాటు ప్రకటించినవాటిలో రెండు నాణేలున్నాయి. రెండో శతాబ్దంనాటి శాతవాహనుల నాణేలు.

ఆ వార్త చదివి కొంచెంసేపు లేచి వరండాలో నడిచాను. నేను మూడు నెలలుగా 382 కిలోమీటర్లు అటునుంచి ఇటు కొలుస్తున్నాను. ఆ నాణేలు అంతకు పది రెట్లకు పైగా సముద్రం దాటి, దారి మొదలయ్యే చోటే ఆగిపోయాయి. కోప్టోస్‌లో వాటితో కొనేదేమీ లేదు కాబట్టి ఎవరి సంచిలోంచో జారి ఉంటాయి, లేదా ఇంటికి తిరిగెళ్లేటప్పుడు పనికొస్తాయని దాచుకుని ఉంటారు.

కోప్టోస్‌లోనే దొరికిన క్రీ.శ. 90 నాటి సుంకాల శాసనం కూడా ఈరోజు మళ్లీ చూశాను. ఒంటె చీటీకి ఒక ఓబోలు. ఓడ స్తంభానికి 20 ద్రాఖ్మాలు. ఆరు ఓబోలులైతే ఒక ద్రాఖ్మా, అంటే ఒక స్తంభానికి కట్టే సుంకం 120 ఒంటెలకు సమానం. ఎడారిలో మాను దొరకదు కాబట్టి ఓడ స్తంభాలను నైలు ఒడ్డు నుంచి ఈ దారుల్లోనే మోసుకుపోయేవాళ్లు. అంత పొడవు మాను ఇరుకు లోయల్లో మలుపు తిరగాలి! మలుపు దగ్గర ఎంత వెడల్పు వదలాలో మాకు లారీలకు పట్టికలున్నాయి. వాళ్లకు ఆ వెడల్పు ఎవరు చూసిపెట్టారో. దారి గీతను రెండు చోట్ల ఇరుకు లోయలోంచి తీసి పక్కనున్న వెడల్పాటి వాగులోకి మార్చాను. బండి పట్టే దారి ఏదో, ఒంటె మాత్రమే పట్టే దారి ఏదో ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

జనవరి 18

సిరా పని మొదలుపెట్టాను. గాడా గుడ్డకు పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేశాక సిరా పాకడం ఆగింది. దారికి ఎర్ర గీత, వాగులకు నీలం, ఊళ్లకు నలుపు. కోప్టోస్, ఫొయినికోన్, దిదిమె, ఇయోవిస్, క్సేరోన్, బెరెనికె నిండు చుక్కలు. అఫ్రొదితో, కొంపసి, ఫలక్రో, అపొల్లోనోస్, కబల్సి ఖాళీ సున్నాలు. అపొల్లోనోస్‌కు నిండు చుక్క పెట్టాలని చెయ్యి చాలా కొట్టుకుంది. దూరాలు కలిశాయి కానీ పేరున్న పెంకు చూడలేదు, అందుకే సున్నాతోనే వదిలేశాను.

కొత్తబావి ఒక్కటే మిగిలింది. బెరెనికె నుంచి వెనక్కి ఇటినరరీ లెక్కన 13.3 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, ప్లినీ లెక్కన 20 సెంటీమీటర్ల దగ్గర ఇంకోసారి, పేరు రెండుచోట్లా పెన్సిలుతో రాశాను. మధ్యలో 6.7 సెంటీమీటర్లు ఖాళీ. అక్కడ వాగు గీతలు మాత్రం నీలంతో పూర్తిగా గీసి పెట్టాను. పొద్దున తీసిన బొమ్మలు ఇంకో నాలుగు దించుకున్నాను, వచ్చే ఆదివారం ఆ వాగులే చూస్తాను.